చిన్న విమానంలో ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌ని ఆటోపైలట్‌కి వదలొచ్చా?

కాలిఫోర్నియాలో సెస్నా 172 మీద ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మబ్బుల్లో మీటర్లు చూసి నడిపే అర్హత) చేస్తున్నానని, ఇన్‌స్ట్రక్టర్ ఆటోపైలట్ ముట్టుకోనివ్వడం లేదని, రేటింగ్ ఎప్పుడో అయిపోయిన స్నేహితుడేమో మబ్బుల్లో అది లేనిదే అప్రోచ్‌కి (మీటర్లను బట్టి రన్‌వే వైపు రావడానికి) దిగనంటున్నాడని రాశారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

ఇద్దరిదీ వినండి, కాకపోతే ఒకరి తర్వాత ఒకరిది. ముందు చేత్తో, రన్‌వే దారి చూపే సూదిని మధ్యలో నిలబెట్టడం రావాలి. అది వచ్చాక, ఒంటరిగా మబ్బులోకి వెళ్ళే రోజున పనిచేస్తున్న ఆటోపైలట్‌ని ఆపేసి కూర్చోవడం నా దృష్టిలో మొండితనం. చార్టు చూడాలి, ఫ్రీక్వెన్సీ మార్చాలి, కంట్రోలర్‌కి రీడ్‌బ్యాక్ ఇవ్వాలి, మిస్డ్ అప్రోచ్‌లో (రన్‌వే కనబడక మళ్ళీ పైకి ఎక్కేటప్పుడు) ఎటు తిరగాలో గుర్తుంచుకోవాలి. ఎయిర్‌లైన్లో ఇద్దరు పంచుకునే పని ఇది. అమెరికాలో చార్టర్లు (అద్దె విమాన సంస్థలు) కో-పైలట్ లేకుండా ఐఎఫ్‌ఆర్‌లో (మీటర్ల ఆధారంగా ఎగిరే నిబంధనల కింద) ప్రయాణికుల్ని తీసుకెళ్ళాలంటే మూడు అక్షాల్లోనూ విమానాన్ని నడపగల ఆటోపైలట్ ఉండాలని వాటికి వర్తించే పార్ట్ 135 నిబంధనే చెబుతోంది. మనలాంటి సొంత ఫ్లయింగ్‌కి ఆ రూలు లేదు, కానీ అందులోని తర్కం మనకీ వర్తిస్తుంది.

నేను బే ఏరియాలో ఉద్యోగం చేసుకుంటూ ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో 172లు నడుపుతాను, ఎక్కువగా ఒక్కణ్ణే. క్లబ్‌లో ఉన్నవాటిలో అన్నింటికీ జీ 1000 స్క్రీన్లే (పాత మీటర్ల బదులు కంప్యూటర్ తెరలు). పాతదాంట్లో ఆటోపైలట్ బెండిక్స్ కింగ్ కేఏపీ 140, కొత్తదాంట్లో గార్మిన్ జీఎఫ్‌సీ 700. వేసవిలో పొద్దున్నే పసిఫిక్ మీంచి మబ్బు పొర వచ్చి మాంటెరీ, సాలినాస్ మీద దుప్పటిలా పరుచుకుంటుంది. పొర పలచన, మధ్యాహ్నానికి విడిపోతుంది, మంచు పట్టే బెడద ఉండదు. అప్రోచ్‌లు నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి ప్రాంతం దొరకదు.

అసలు సంగతి మోడ్‌లలో ఉంది. ఆటోపైలట్ ఏ మోడ్‌లో ఉంటే ఆ పని మాత్రమే చేస్తుంది, మీ మనసులో ఏముందో దానికి తెలియదు. జీఎఫ్‌సీ 700లో స్క్రీన్ పైన పచ్చ అక్షరాల్లో ఉన్నది ఇప్పుడు నడుస్తున్న మోడ్, తెల్ల అక్షరాల్లో ఉన్నది వంతు కోసం కాచుకున్న మోడ్. నేను బటన్ నొక్కాక వేలు తీసి, ఆ గీత చదువుతాను, పైకి వినపడేలా: "హెడింగ్ పచ్చ, ఆల్టిట్యూడ్ పచ్చ, లోకలైజర్ తెలుపు, గ్లైడ్‌స్లోప్ తెలుపు." (లోకలైజర్ రన్‌వేకి ఎడమ కుడి దారి చూపే రేడియో సిగ్నల్, గ్లైడ్‌స్లోప్ దిగాల్సిన వాలు చూపేది.) పక్కన ఎవరైనా ఉంటే వింతగా చూస్తారు, చూడనివ్వండి. బటన్ నొక్కడం, మోడ్ పట్టుకోవడం ఒకటి కాదు. ముఖ్యంగా జీపీఎస్ నుంచి లోకలైజర్‌కి మారేటప్పుడు సూది మెజెంటా నుంచి పచ్చగా మారిందో లేదో చూడాలి. నావ్ మోడ్‌లో (ఎంచుకున్న దారి వెంట పోయే మోడ్) ఉండగా ఆ దారి చూపే సోర్స్ మీరే మార్చితే ఆటోపైలట్ రోల్ మోడ్‌లోకి జారిపోతుంది: రెక్కలు సమంగానే ఉంటాయి, విమానం మాత్రం సూదితో సంబంధం లేకుండా తిన్నగా పోతూ ఉంటుంది. ఎక్కడా కుదుపు ఉండదు, అందుకే గమనించడం కష్టం.

కేఏపీ 140 ఇంకాస్త పాతకాలపు మనిషి. జీ 1000లో ఆల్టిమీటర్ సెట్టింగ్ (ఎత్తు మీటర్‌కి ఇచ్చే గాలి పీడనం) 30.05 పెట్టినా అది దానికి తెలియదు. కింద దాని సొంత బాక్సు మీద బారో నొక్కి అక్కడా 30.05 పెట్టాలి. పెట్టకుండా 29.92 మీదే వదిలేస్తే ఎత్తులో దాదాపు 130 అడుగుల తేడా వస్తుంది. ఆగాల్సిన ఎత్తూ అంతే: పైన స్క్రీన్ మీద బగ్ (ఎత్తు గుర్తు) 3,000కి తిప్పారని అది ఆగదు, దాని ఎత్తు దానికి విడిగా చెప్పాలి. అటిస్ (విమానాశ్రయ వాతావరణ ప్రసారం) వినగానే రెండు చోట్లా వెంటవెంటనే పెట్టేయడం నాకు అలవాటైంది.

స్పీడు మాత్రం పూర్తిగా మీ సొంతం. మన చిన్న విమానాల్లో ఆటోథ్రాటిల్ ఉండదు. గ్లైడ్‌స్లోప్ పట్టుకోగానే ముక్కు కిందికి దిగుతుంది, మీరు పవర్ తగ్గించకపోతే స్పీడు పెరుగుతూ పోతుంది. నేను 90 నాట్లకి ముందే తెచ్చి, 10 డిగ్రీల ఫ్లాప్ కూడా గ్లైడ్‌స్లోప్ రాకముందే దించేస్తాను, ఎందుకంటే దిగుతుండగా ఫ్లాప్ కదిలిస్తే ముక్కు ఎగిరి ఆటోపైలట్ సర్దుకోవడానికి తంటాలు పడుతుంది. 90 నాట్ల గ్రౌండ్‌స్పీడ్‌తో 3 డిగ్రీల వాలు మీద నిమిషానికి 480 అడుగులకి అటూ ఇటూగా దిగాలి. అంతకంటే బాగా ఎక్కువగా దిగుతుంటే వెనక గాలి ఉందని అర్థం.

దీనికి ఉల్టా పరిస్థితి ఇంకా ప్రమాదం. నాన్-ప్రెసిషన్ అప్రోచ్‌లో (గ్లైడ్‌స్లోప్ లేనిదాంట్లో) పవర్ తగ్గించి దిగి, ఎండీఏ (రన్‌వే కనబడకుండా అంతకంటే కిందికి దిగకూడని ఎత్తు) దగ్గర ఆల్టిట్యూడ్ హోల్డ్ పట్టుకుందనుకోండి. మీరు పవర్ పెంచడం మరిచిపోతే ఆటోపైలట్ చెప్పిన ఎత్తు నిలబెట్టడం కోసం ముక్కు ఎత్తుతూ పోతుంది, ట్రిమ్ (ముక్కును ఆ స్థితిలోనే నిలిపే సర్దుబాటు) కూడా వెనక్కి తిప్పుతూ పోతుంది. స్పీడు పడిపోతున్నా దానికి పట్టదు. చివరికి స్టాల్ హారన్ (రెక్కలు మోయలేని స్థితి వస్తోందని హెచ్చరించేది) మోగే వేళకి ట్రిమ్ మొత్తం వెనక్కి ఉన్న విమానం మీ చేతికొస్తుంది. పెద్ద విమానాలకీ ఈ జబ్బు లేకపోలేదు. 2013 జూలై 6న ఇక్కడే శాన్ ఫ్రాన్సిస్కోలో కూలిన ఏషియానా 214, బోయింగ్ 777, సరిగ్గా ఇలాంటి అయోమయంలోనే పడింది: ఆటోథ్రాటిల్ స్పీడు చూసుకుంటోందని సిబ్బంది అనుకున్నారు, అది హోల్డ్‌లో ఉండి ఏమీ చూసుకోవడం లేదు. ముగ్గురు చనిపోయారు. ఎండీఏకి వంద అడుగుల పైనుంచే నా చెయ్యి థ్రాటిల్ మీద ఉంటుంది.

ఇక గ్లైడ్‌స్లోప్‌ని ఎప్పుడూ కిందినుంచి పట్టుకోవాలి. ఒక జూలై పొద్దున సాలినాస్‌లో రన్‌వే 31 ఐఎల్‌ఎస్‌కి (లోకలైజర్, గ్లైడ్‌స్లోప్ రెండూ ఉన్న అప్రోచ్) వెక్టర్లిస్తున్నారు (ఎటు తిరగాలో కంట్రోలర్ చెబుతున్నారు), పాత 172లో ఉన్నాను. కింద వేరే ట్రాఫిక్ ఉండి కంట్రోలర్ నన్ను ఎత్తులోనే ఉంచాడు. లోకలైజర్ చక్కగా పట్టుకుంది, విమానం రన్‌వే వైపు తిరిగింది. చూస్తే గ్లైడ్‌స్లోప్ డైమండ్ అప్పటికే మధ్య గీతకి కిందికి జారిపోయింది, కేఏపీ 140 మాత్రం ఆల్టిట్యూడ్ హోల్డ్‌లో హాయిగా పోతోంది. అలాంటప్పుడు వర్టికల్ స్పీడ్ (నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలన్నది) తిప్పి గబగబా దిగి పట్టుకుందామనిపిస్తుంది. 3 డిగ్రీల అసలు వాలుకి పైన ఐఎల్‌ఎస్ దొంగ వాలుల్ని కూడా చూపిస్తుంది, పైనుంచి దిగేవాడు వాటిలో చిక్కుకునే అవకాశం ఉంది. నేను మళ్ళీ వెక్టర్లు ఇవ్వమని అడిగాను, తిప్పి తెచ్చారు. రెండోసారి కిందినుంచి వెళ్తే దానంతటదే పట్టుకుంది. కొత్త జీఎఫ్‌సీ 700 పైనుంచి కూడా పట్టుకోగలదు, కానీ పట్టుకోగలదు కదా అని అలా వెళ్ళడం నాకు నచ్చదు. వెక్టర్ విషయం కూడా ఇంతే: అప్రోచ్ గేట్‌కి (ఆఖరి దిగుడు మొదలయ్యే చోటుకి కాస్త ముందుండే ఊహా బిందువు) 2 మైళ్ళు, అంతకంటే దూరంగా ఉంటే 30 డిగ్రీలు, దగ్గరైతే 20 డిగ్రీల కోణం దాటకుండా లోకలైజర్‌తో కలపాలన్నది కంట్రోలర్ల నియమం. కోణం పెద్దదైతే కేఏపీ 140 లోకలైజర్ దాటి అవతలికి పోయి తిరిగొస్తుంది.

మీ ఇన్‌స్ట్రక్టర్‌తో ఎండలో ప్రాక్టీస్ చేస్తున్నప్పుడు ఐఎల్‌ఎస్ మీద ఆటోపైలట్ ఉన్నట్టుండి ఊగితే, పాడైందని అనుకోకండి. సీలింగ్ (మబ్బుల అడుగు ఎత్తు) 800 అడుగులకంటే తక్కువ లేదా విజిబిలిటీ 2 మైళ్ళకంటే తక్కువ ఉన్నప్పుడే టవర్ ఐఎల్‌ఎస్ క్రిటికల్ ఏరియాని (ఆంటెన్నాల దగ్గరి స్థలం) ఖాళీగా ఉంచుతుంది. మంచి వాతావరణంలో ఆంటెన్నా ముందు నుంచి ఏ విమానమో, బండో పోతే సిగ్నల్ వంగుతుంది, ఆటోపైలట్ దాని వెంట పోతుంది. ఎల్‌పీవీ అనే జీపీఎస్ అప్రోచ్‌లో ఈ గొడవ లేదు, అది ఉపగ్రహం మీద ఆధారపడ్డ దారి. (ఇండియా వెళ్ళి ఎగురుతామనుకునేవాళ్ళ కోసం: అక్కడి గగన్ ఉపగ్రహ వ్యవస్థతో మొదటి ఎల్‌పీవీ ల్యాండింగ్ 2022 ఏప్రిల్‌లో కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ చేసింది.)

జీపీఎస్ అప్రోచ్‌లలో ఒక ఉచ్చు ఉంది. స్క్రీన్ మీద ఎల్‌ఎన్‌ఏవీ ప్లస్ వీ అని వస్తే ఆ నిలువు దారి సలహా మాత్రమే. ఏపీఆర్ (అప్రోచ్ మోడ్ బటన్) నొక్కితే ఆటోపైలట్ దాని వెంట ఎంచక్కా దిగిపోతుంది, ఎండీఏ దగ్గర ఆగదు, ఇంకా కిందికి కూడా తీసుకెళ్తుంది. ఎండీఏ కింద ఆ దారిలో కొండా చెట్టూ లేదని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆపాల్సింది మీరే.

ఇంకో సంగతి: ఆటోపైలట్ ఆన్‌లో ఉండగా యోక్‌తో (చేతి స్టీరింగ్) దానికి ఎదురు తోయకండి. మీరు లాగితే అది ముక్కు దించడానికి ట్రిమ్ ముందుకి తిప్పుతుంది, మీరు ఇంకా లాగుతారు, అది ఇంకా తిప్పుతుంది. కేఏపీ 140 ఆ ట్రిమ్ ఆగకుండా తిరుగుతుంటే "ట్రిమ్ ఇన్ మోషన్" అని గొంతెత్తి చెబుతుంది కూడా. విమానం చేసేది నచ్చకపోతే యోక్ మీద ఎర్ర బటన్ నొక్కి చేతికి తీసుకోండి, సర్దుకున్నాక మళ్ళీ వేసుకోండి. ఆటోపైలట్ బ్రేకర్ (దాని కరెంటు తీసేసేది) ఎక్కడుందో చూడకుండా చేత్తో తడిమి పట్టుకోగలగాలి.

కిందికి ఎంతవరకు వదలొచ్చంటే, మా 172 మాన్యువల్ ప్రకారం అప్రోచ్‌లో నేలకి 200 అడుగుల దాకా, మిగతా అన్ని సందర్భాల్లో 800 అడుగుల దాకా. అంటే మిస్డ్ అప్రోచ్ మొదలు చేతిమీదే. జీఎఫ్‌సీ 700 ఉన్న మా 172లో గో-అరౌండ్ బటన్ నొక్కగానే ఆటోపైలట్ ఊడిపోతుంది, ఫ్లైట్ డైరెక్టర్ మాత్రం ముక్కు ఎంత ఎత్తాలో చూపిస్తుంది. జీఎఫ్‌సీ 500 అనే మరో ఆటోపైలట్ బిగించిన విమానాల్లో ఊడదు. ఈ ఒక్క తేడా తెలియకుండా మరో విమానం అద్దెకు తీసుకుని మబ్బులోకి వెళ్తే, 200 అడుగుల దగ్గర బటన్ నొక్కి ఆటోపైలట్ ఎక్కిస్తోందనుకుని కూర్చుంటారు, విమానం నడిపేవాడే ఉండడు. ఎక్కడంలో కూడా వర్టికల్ స్పీడ్ కంటే, ఉంటే, ఎఫ్‌ఎల్‌సీ మోడ్ మేలు. అది స్పీడు కాపాడుతుంది.

మీ ఇన్‌స్ట్రక్టర్ మరీ అన్యాయంగా ఏమీ లేడు. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) చెక్‌రైడ్‌లో, అంటే రేటింగ్ పరీక్షలో, కనీసం ఒక నాన్-ప్రెసిషన్ అప్రోచ్ ఆటోపైలట్ లేకుండా, రాడార్ వెక్టర్ల సాయం లేకుండా చేసి చూపాలి. అదే ప్రమాణాల్లో విమానంలో ఆటోపైలట్ ఉంటే దాన్ని వాడటం వచ్చి ఉండాలని కూడా ఉంది, ఆ వాక్యం ఆయనకి మర్యాదగా గుర్తు చేయండి. ఒకే అప్రోచ్ రెండుసార్లు చేద్దామని అడగండి: మొదటిది చేత్తో, రెండోది ఆటోపైలట్‌తో. రెండోదాంట్లో ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (ఆఖరి దిగుడు మొదలయ్యే బిందువు) దాటాక మీకు చెప్పకుండా ఆయన బ్రేకర్ లాగాలి. లివర్‌మోర్‌లో రన్‌వే 25 రైట్, స్టాక్‌టన్‌లో 29 రైట్, రెండు చోట్లా ఐఎల్‌ఎస్ ఉంది. నన్నడిగితే స్టాక్‌టన్‌కే వెళ్ళమంటాను.