ఎం కణాల మీద పని మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

పేగులోని ఎం కణాలు బయటి పదార్థాన్ని లోపలికి ఎలా దాటిస్తాయో చూసే ప్రాజెక్టు తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. కణాలను గుర్తుపట్టే రంగులు, ఏది దాటిందో చూడటానికి వేసే అతి చిన్న పూసల జోలికి పోకముందు పేయర్ ప్యాచ్‌ల (పేగు గోడలోని రోగనిరోధక కణాల గుంపుల) ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు ముందేసుకుని కూర్చో. 1974లో ఓవెన్, జోన్స్ మనిషి పేగులో ఈ కణాలను అలా చూసే గుర్తించారు. పక్క కణాల మీద మైక్రోవిల్లై అనే సన్నని వేళ్లలాంటి పొడుచుకొచ్చిన భాగాలు ఒత్తుగా, ఒకే ఎత్తులో నిలబడి ఉంటాయి. ఎం కణం దగ్గరికి వచ్చేసరికి ఆ వరస తెగిపోయి, పొట్టి మడతలు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. కింది వైపు కణం లోపలికి నొక్కుకుపోయి సంచిలా ఉంటుంది, అందులో లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు ఒదిగి ఉంటాయి. పై నుంచి ఆ సంచి దాకా దూరం చాలా తక్కువ. ఇది కళ్ళకు అలవాటైతేనే తర్వాతి పని సాగుతుంది.

ఈ కణం పని అరిగించడం కాదు, అందించడం. లోపల అరిగించే సంచులైన లైసోజోములు తక్కువ కాబట్టి, పై నుంచి తీసుకున్న బాక్టీరియానో వైరస్‌నో పెద్దగా ముక్కలు చేయకుండానే సంచిలోకి వదిలేస్తుంది. అక్కడ డెండ్రిటిక్ కణాలు అనే మరో రకం రోగనిరోధక కణాలు అందుకుంటాయి. అందుకే పూస కణానికి అంటుకుంటే సరిపోదు, కణంలో కనిపించినా సరిపోదు. సంచిలోకి చేరిందని చూపించాలి. పై నుంచి తీసిన ఒక్క ఫొటోతో ఆ మాట అనడానికి వీల్లేదు. జెడ్-స్టాక్ (పై నుంచి కింది దాకా పొరపొరగా తీసిన ఫొటోల వరస) తీసి, కంప్యూటర్లో దాన్ని పక్క నుంచి కోసి చూడు.

ఒక్క రంగును నమ్ముకోవద్దు. యూఈఏ-1 లెక్టిన్ (కణం మీది చక్కెరలకు అంటుకునే ప్రోటీన్) ఎలుకలో ఎం కణాలకు బాగానే పడుతుంది కానీ జిగురు స్రవించే గాబ్లెట్ కణాలకూ పడుతుంది, మనిషి ఎం కణాలకు పనికిరాదు. ఎం కణాల పైన ఉండే జీపీ2 అనే ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీ కూడా వాడు. పైన ఫిమ్‌హెచ్ అనే ప్రోటీన్ ఉన్న బాక్టీరియాను జీపీ2 పట్టుకుంటుందని 2009లో తేలింది. అయితే అది పక్వమైన కణాల్లోనే బాగా కనిపిస్తుంది. ఇంకా ఎదుగుతున్నవి లెక్కలోంచి జారిపోతాయి.

కేకో-2 (మనిషి పేగు కణాల రకం) కణాలను రాజీ బి కణాలతో (ఒక రకం లింఫోసైట్లు) కలిపి పెంచి, కొన్నిటిని ఎం కణాల్లా మార్చే పద్ధతి వాడతానన్నావు. మంచిదే, కానీ అసలు టెన్షన్ అక్కడే. కణాల మధ్య అతుకు వదులైతే పూసలు సందుల్లోంచి కారిపోతాయి, నువ్వేమో ఎం కణాలు దాటించాయని సంబరపడతావు. ప్రతి ఇన్సర్ట్‌కీ (పై గదికీ కింది గదికీ మధ్య కణాల పొరను పెంచే జల్లెడ కప్పుకీ) పూసలు వేయకముందూ, తీశాకా టీఈఈఆర్ (కణాల పొర ఎంత బిగుతుగా ఉందో చెప్పే విద్యుత్ నిరోధం) కొలిచి రాసుకో. రాజీ కణాలు లేని ఇన్సర్ట్‌లు, 4 డిగ్రీల దగ్గర ఉంచినవి పక్కనే నడిపించు. చలిలో పూసలు అంటుకుంటాయి గానీ కణం వాటిని మింగలేదు. అక్కడ కూడా కింది గదిలో పూసలు బాగానే కనిపిస్తే ఆ ప్లేటు పక్కన పెట్టేయ్, బాధపడకు.

లోపలికి చేరిన ప్రతిదీ ఎం కణాల ఖాతాలో వేయొద్దు. కరిగిన చిన్న ప్రోటీన్లు గాబ్లెట్ కణాల దారిన కూడా వెళ్తాయని 2012లో చూపించారు.

షిగెల్లా వాడదామా అని అడిగావు, అది తర్వాత. ఎం కణాన్ని దాటి, పక్క కణాల్లోకి అడుగు నుంచి దూరే బాక్టీరియా అది. పూసలతో చెయ్యి తిరిగాకే దాని జోలికి పో, భద్రతా శిక్షణ లేకుండా అసలు ముట్టుకోకు.

లెక్కపెట్టడం మొదలుపెట్టకముందే మొదటి జెడ్-స్టాక్‌లు, వాటితోపాటు టీఈఈఆర్ కాగితమూ పంపు. చూసి రాస్తాను.