ఫ్యాక్టరీ పనిలో ప్రమాదాల కంటే జబ్బులతోనే ఎక్కువ మంది పోతారంటారు, నిజమేనా?

నిజమే. అన్ని రంగాలూ కలిపి, పని కారణంగా ఏటా దాదాపు 29 లక్షల మంది చనిపోతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో అంచనా వేసింది. అందులో సుమారు 26 లక్షల మరణాలు జబ్బుల వల్లే.

రేకులు నొక్కే ప్రెస్సు మిషన్‌లో వేలు తెగితే ఆ షిఫ్టులోనే రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. దుమ్ము సంగతి అలా కాదు. లోహాన్ని కరిగించి ఇసుక అచ్చుల్లో పోసే ఫౌండ్రీలో, పోత పోసిన భాగానికి అంటుకున్న ఇసుకను గ్రైండర్‌తో తీసేటప్పుడు సిలికా అనే సన్నటి ఇసుక దుమ్ము లేస్తుంది. కంటికి ఆనని ఆ రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లో చేరి మచ్చలు కడతాయి. ఆయాసం మొదలవడానికి సాధారణంగా పదేళ్ల పైనే పడుతుంది. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా క్యాన్సర్‌కైతే 20 నుంచి 40 ఏళ్లు. అప్పటికి మనిషి రిటైరై ఉంటాడు. సిగరెట్ అలవాటుందా అని ఆసుపత్రిలో అడుగుతారే గానీ, ఏ పని చేశావని అడిగేవాళ్లు తక్కువ. నాకు బాధ కలిగించేది ఇదే.

మాస్కు ఒక్కటే సరిపోదు. నీళ్లు చల్లుతూ కోయడం, దుమ్ము పుట్టిన చోటే లాగేసే ఎగ్జాస్ట్ పెట్టడం ముందు జరగాలి. ఇప్పటికే దగ్గు, ఆయాసం ఉంటే మాత్రం చేసిన పనులన్నీ డాక్టర్‌కు చెప్పి, చీటీలో రాయించుకోండి.