ఉమ్మెత్త పొగ పీల్చారు, ఆ రాత్రి ఏమీ గుర్తు లేదు... నాన్నకు మతిమరుపు వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. చాలాకాలంగా ఆయాసం ఉంది. ఎవరో చెబితే ఎండిన ఉమ్మెత్త ఆకును బీడీలా చుట్టి పీల్చారు. గంట తిరక్కుండానే నోరెండిపోయింది, మొహం ఎర్రబడింది. రాత్రంతా దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతూ, ఎప్పుడో పోయిన మా నానమ్మతో మాట్లాడుతూ కూర్చున్నారు. నీళ్లిస్తే తాగి, ఐదు నిమిషాలకే ఎవరూ నీళ్లివ్వలేదన్నారు. రెండో రోజుకు కుదుటపడ్డారు కానీ ఆ రాత్రి ఒక్క ముక్కా గుర్తు లేదు. మతిమరుపు జబ్బు వచ్చేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. - ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ముందు ధైర్యంగా ఉండమ్మా. పూర్తిగా కుదుటపడ్డారు కాబట్టి, ఈ ఒక్కసారితో ఆయనకు శాశ్వతంగా మతిమరుపు వచ్చే అవకాశం చాలా తక్కువ. ఆ రాత్రి సంగతులు మాత్రం ఇక గుర్తుకు రాకపోవచ్చు. అవి మెదడులో సరిగా నమోదే కాలేదు.

కొత్తగా చూసింది, విన్నది గుర్తుండాలంటే మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిచేయాలి. అది వచ్చి కూర్చోవడానికి నాడీకణాల మీద మస్కరినిక్ రిసెప్టర్లు ఉంటాయి. జ్ఞాపకానికి వాటిలో ఎం1 రకం ముఖ్యం. ఉమ్మెత్తలోని స్కోపోలమైన్, అట్రోపిన్ ముందే ఆ చోటు పట్టేస్తాయి. బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టే: అక్కడ మనిషి ఉండడు, ఎక్కినవాళ్లూ కూర్చోలేరు. అందుకే పాత జ్ఞాపకమైన నానమ్మ ఉంది, అప్పుడే తాగిన నీళ్లు లేవు. 1974లో డ్రాక్మన్, లెవిట్ అనే అమెరికా పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువకులకు స్కోపోలమైన్ ఇచ్చి చూస్తే, వాళ్ల మరుపు వృద్ధుల మరుపును పోలి ఉంది. అసిటైల్‌కోలిన్ తరిగిపోకుండా చూసే డోనెపెజిల్ అనే మందును ఇప్పుడు అల్జీమర్స్‌కు వాడుతున్నాం.

వయసు పైబడితే ఈ వ్యవస్థ ఎలాగూ నీరసిస్తుంది. దానికి తోడు జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, డిప్రెషన్‌కు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా ఇవే రిసెప్టర్లను అడ్డుకుంటాయి. నాన్నగారు అలాంటివి వాడుతుంటే మీరుగా ఆపకండి, డాక్టరుకు చెప్పండి.

ఉమ్మెత్త పొగకు శ్వాసనాళాలు వదులయ్యే మాట నిజమే. 1802 ప్రాంతంలో ఈ వైద్యం మన మద్రాసు నుంచే బ్రిటన్‌కు వెళ్లింది. కానీ ఏ ఆకులో ఎంత విషం ఉందో చూసి చెప్పలేం. ఇప్పుడు ఇన్‌హేలర్లలో వచ్చే ఇప్రాట్రోపియం, టియోట్రోపియం అనే మందులు ఉమ్మెత్తలోని అట్రోపిన్ కుటుంబానివే. అవి ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తాయి, మెదడులోకి పెద్దగా చేరవు. ఆయనకు ఏది సరిపోతుందో ఛాతీ డాక్టరు చెబుతారు.

ఆయన్ని రాత్రంతా ఇంట్లోనే ఉంచారని చదివి నాకు గుండె ఝల్లుమంది. ఈ విషానికి జ్వరం ఎక్కువై, మూత్రం బిగుసుకుని, గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కరోనాకు మందని వీడియో చూసి ఉమ్మెత్త రసం తాగినవాళ్లు ఆస్పత్రి పాలయ్యారు. ఎప్పుడైనా ఇలా జరిగితే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ సంఘటనకు ముందు నుంచే ఆయన అడిగిందే అడగడం, తెలిసిన దారి తప్పడం ఉంటే న్యూరాలజిస్టుకు చూపించండి. థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా అవసరం. వెళ్లేటప్పుడు ఆయన మాత్రల డబ్బా మొత్తం పట్టుకెళ్లండి. మిగిలిన ఆకును పిల్లలకూ పశువులకూ అందకుండా లోతుగా పాతేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ చేతులతో కళ్లు నలుపుకుంటే కంటిపాప విచ్చుకుని, చూపు గంటల తరబడి మసకబారుతుంది.