వేసవి క్యాంపులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

సెలవుల్లో ఆటలూ ప్రకృతి పరిచయమూ కలిపి నడిపే పగటి క్యాంపుల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

మా హైస్కూల్ గ్రౌండ్‌లో మే నెలలో 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు 30 మందితో రెండు వారాల క్యాంపు పెట్టాలనుకుంటున్నాం. ఉదయం 9 నుంచి ఒంటిగంట దాకా. ఆటలకు ఎంతసేపు, ప్రకృతి పాఠాలకు ఎంతసేపు ఇవ్వాలి?
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

ముందు ఆ టైమ్ మార్చండి. ఖమ్మం ఎండలకి మేలో తొమ్మిది దాటాక పిల్లల్ని గ్రౌండ్‌లో ఉంచకూడదు. ఆరుంబావుకి మొదలుపెట్టి, తొమ్మిదిన్నర, మహా అయితే పదింటికల్లా ఇళ్లకు పంపేయండి.

చాలామంది ఆటలు ముందు పెట్టి, పిట్టల్ని చూడటం తర్వాత పెడతారు. అది తిరగబడుతుంది. ఎగిరి దూకి చెమటలు కక్కుతున్న పిల్లలు పది నిమిషాలు నోరు మూసుకుని నిలబడరు. ఎనిమిది దాటితే పిట్టలూ కొమ్మల్లోకి సర్దుకుంటాయి. కాబట్టి వచ్చీరాగానే ఒక అరటిపండు చేతిలో పెట్టి, 25 నిమిషాలు గ్రౌండ్ చుట్టూ మెల్లగా నడిపించండి. కోయిల, గోరింక, చిలుక, తీగల మీద కూర్చునే పాలపిట్ట, వీటితో చాలు. అదే ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించే నడక కూడా అవుతుంది. పావు తక్కువ ఏడు నుంచి ఎనిమిది వరకు ఆటలు, పావుగంట ఆట, ఐదు నిమిషాలు నీళ్లు చొప్పున. ఎనిమిదికి టిఫిన్. ఆ తర్వాత గంటసేపు చెట్టుకింద కూర్చుని చేసే పనులు.

ఇక ఆటలు. అసలు కొలతల ఖోఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. ఒకేసారి ఆడేది తరిమేవాళ్లు తొమ్మిది మంది, పరిగెత్తేవాళ్లు ముగ్గురు. అంటే మీ 30 మందిలో 18 మంది గట్టున కూర్చుని గిల్లుకుంటూ ఉంటారు. క్యాంపులో గొడవలు, దెబ్బలు మొదలయ్యేది ఆ గట్టు మీదే. అందుకే 16 మీటర్లు, 10 మీటర్లతో మూడు చిన్న కోర్టులు ముగ్గుతో గీయండి. ఒక్కోదానిలో కూర్చునేవాళ్లు ఐదుగురు, తరిమేవాడు ఒకడు, పరిగెత్తేవాళ్లు ముగ్గురు. 27 మంది ఆటలోనే ఉంటారు, మిగిలిన ముగ్గురు స్కోరు రాస్తారు. కబడ్డీకి 11 మీటర్లు, 8 మీటర్ల కోర్టు సరిపోతుంది. నేల గట్టిగా ఉంటే మోకాళ్లు చీరుకుపోతాయి. పైమట్టిని గుల్ల చేసి, రంపపు పొట్టు కలిపి, ముందు రోజు సాయంత్రం నీళ్లు చల్లండి. పొద్దున్నే చల్లితే బురదలో జారతారు.

ఎనిమిది, పది మంది పిల్లలకు ఒక పెద్ద తప్పదు. మీకు కనీసం నలుగురు కావాలి. వాళ్లలో ఒకరి పని నీళ్లు, మందుల డబ్బా, తలలు లెక్కపెట్టడం మాత్రమే.

పోయిన ఏడాది మా అబ్బాయి చేరిన క్యాంపులో ప్రకృతి పాఠం అంటే చెట్టు బొమ్మకు రంగులు వేయించడమే. ఎండాకాలంలో చూపించడానికి నిజంగా ఏమీ ఉండదా?
– ఒక తండ్రి, హైదరాబాద్

ఉండకపోవడమేంటి? రేల చెట్టు పసుప్పచ్చగా వేలాడేదీ, తురాయి ఎర్రబడేదీ ఇప్పుడే. రంగులు వేయించే క్యాంపుకి చెట్టుకింద కూర్చునే ఓపిక లేదంతే.

మేము బాగా సిఫారసు చేసేది మీటరు చదరం పని. మీటరు భుజంతో చదరం కట్టడానికి నాలుగు మేకులు, ముడులతో కలిపి నాలుగున్నర మీటర్ల పురికొస కావాలి. ఇద్దరు పిల్లలకు ఒకటి. సగం చదరాలు చెట్టు నీడలో, సగం ఎండలో. ఆ హద్దుల్లో ఏమేం ఉన్నాయో చూడాలి: చీమలు ఎన్ని రకాలు, ఎటు పోతున్నాయి, ఏం మోస్తున్నాయి, రాలిన ఆకులు ఏ చెట్టువి. ల్యాబ్ థర్మామీటర్‌తో మట్టి వేడి కూడా చూడొచ్చు. ఎర్ర ద్రవం ఉన్నది తీసుకోండి, పాదరసంది వద్దు. జ్వరం చూసేదైతే 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎండలోని చదరాలు పది నిమిషాల్లో ముగించి, అందరూ నీడలోకి వచ్చి రాసుకోవాలి. ‘అంతా చూడండి’ అని వదిలేస్తే ఐదు నిమిషాల్లో పురికొసతో ఒకరినొకరు కట్టేసుకుంటారు. ఒక్క ప్రశ్న ఇచ్చి పంపాలి.

రెండోది తాటిచెట్టు. ముంజలు కాసేది పెంటి తాడి, పోతు తాడి కాయదు. రెండూ పక్కపక్కనే ఉన్న చోటు దొరికితే అంతకన్నా పాఠం అక్కర్లేదు. కాయలో ఎన్ని ముంజలున్నాయో లెక్కపెడితే మామూలుగా మూడు, అప్పుడప్పుడు రెండు. తిన్నాక రెండు బుర్రలు, అడుగు పొడవు పుల్ల, ముందు చీలిన పంగల కర్ర ఉంటే బండి తయారు. బుర్రకు చిల్లు సరిగ్గా మధ్యన పడకపోతే బండి పక్కకు లాగుతుంది. చిల్లు, కత్తి పెద్దవాళ్ల పని. మర్నాడు ఆటల టైంలో ఆ బండ్లతోనే రిలే పెట్టించండి.

ఇంటి పని కూడా ఒకటి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల వేళ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. డాబా మీద నిలువుగా పెట్టిన సీసా నీడ మాయమవుతుంది. దక్షిణానికి పోయేకొద్దీ ఆ రోజు ముందే వస్తుంది. కాళ్లకు చెప్పులు, పక్కన ఒక పెద్ద, ఐదే ఐదు నిమిషాలు.

క్యాంపులో ఓఆర్‌ఎస్ ఇస్తామంటున్నారు. అది మంచిదేనా? ఎండదెబ్బ తగిలితే ఎలా గుర్తుపట్టాలి?
– ఒక తల్లి, నెల్లూరు

రోజూ అందరికీ అక్కర్లేదు. ఆడేటప్పుడు 20 నిమిషాలకోసారి 100 నుంచి 250 మిల్లీలీటర్ల నీళ్లు, ముగిశాక ఉప్పేసిన పలచటి మజ్జిగ చాలు. దాహమేస్తే తాగమంటే పిల్లలు తాగరు, విజిల్ వేసి తాగించాలి. 30 మందికి 20 లీటర్ల క్యాన్లు మూడు పెట్టుకోవాలి, చేతులు కడిగే నీళ్లు వేరు.

ఓఆర్‌ఎస్ విరేచనాలు, వాంతులు, విపరీతమైన చెమట ఉన్నప్పుడు. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు చేస్తుంది. పండ్లరసం డబ్బా మీద ఆ పేరు చూసి మోసపోవద్దు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు పాటించని పానీయాలకు ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం కనిపిస్తే ఆట ఆపి నీడలో పడుకోబెట్టాలి. మాట తడబడినా, తూలినా, అడిగినదానికి పొంతన లేకుండా చెప్పినా అది ఎండదెబ్బే. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. 108కి ఫోన్ చేసి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

చెట్లూ పుట్టలూ అంటే పాముల భయం. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

పిల్లలు రాకముందే ఒకరు కర్రతో గ్రౌండ్ అంచులన్నీ తిరగాలి. ఇటుకల గుట్ట, ఎండుగడ్డి కుప్ప ఉన్నవైపు తాడు కట్టి మూసేయండి. చూడకుండా రాయి ఎత్తడం, కన్నంలో వేలు పెట్టడం మొదటి రోజే నిషేధం. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, పీల్చడం వద్దు. కాలు కదలనివ్వకుండా 108లో ఆసుపత్రికి. దగ్గర్లో విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో క్యాంపు మొదలవకముందే కనుక్కోండి.

నిజానికి పాముకన్నా ఎక్కువ చూడాల్సింది వాటర్ ట్యాంకు కింద తేనెపట్టు. ఉంటే ఆ స్థలమే వద్దు. జిల్లేడు పాలు కంట్లో పడకుండా, గన్నేరు నోట్లో పెట్టకుండా చూసుకోండి.

ఆఖరి రోజు చెరువుకు తీసుకెళ్లి ఈత నేర్పుతామంటున్నారు. పంపమంటారా?
– ఒక తల్లి, విజయనగరం

వద్దు. చెరువు, కాలువ, క్వారీ గుంత ఏదైనా సరే. అడుగు కనిపించదు, లోతు రెండడుగులకే మారిపోతుంది. ఈత ఒక్కరోజులో వచ్చేది కూడా కాదు. లోతు రాసి ఉన్న పూల్‌లో, నలుగురు పిల్లలకు ఒక కోచ్ నీళ్లలోనే దిగి ఉండే చోట, కనీసం మూడు నాలుగు వారాలు విడిగా చేర్పించండి. కోచ్ గట్టు మీద నిలబడి విజిల్ ఊదేవాడైతే ఆ పూల్ కూడా వద్దు.