ఆర్‌ఎక్స్ 100కు 135 బ్లాకు పెట్టించుకోవచ్చా?

ప్రశ్న అడిగిన తమ్ముడిది 1992 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు. బోరు, అంటే పిస్టన్ ఆడే రంధ్రం, అరిగిపోయి పొగ కక్కుతోందట, కిక్కు కొడితే కంప్రెషన్ తగలట్లేదట. చేతిలో ఉన్నది ఏడెనిమిది వేలు. పాత సామాన్ల దుకాణంలో తర్వాతి మోడల్ ఆర్‌ఎక్స్ 135 బ్లాకు, అంటే ఆ బోరు ఉండే సిలిండర్, చవకగా వస్తోంది, తీసుకోమంటారా అని అడిగాడు.

నేను తీసుకున్నాను తమ్మీ. అందుకే రాస్తున్నా.

నాది 1993 బండి. మా నాయిన కొన్నది. దాని మీదే అచ్చంపేట మార్కెట్‌కు పోయి పల్లికాయ రేటు కనుక్కొని వచ్చేవాడు. ఆయన పోయాక నాలుగేళ్లు కొట్టంలో పడి ఉంది. అమ్మబుద్ధి కాలేదు. బాగు చేయిద్దామని తీసుకెళ్తే మేస్త్రి విప్పి చూసి, "బ్లాకు పోయిందన్నా. 135ది ఒకటి ఉంది, ఏసేద్దాం. రెండింటి స్ట్రోకు ఒకటే, ఏం గాదు. పికప్ సూస్తే నువ్వే పరేషాన్ అయితవు" అన్నాడు.

స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, ఒకటే అన్న మాట నిజమే. రెండింటిదీ 50 మిల్లీమీటర్లు. 100కు బోరు వెడల్పు కూడా 50, అందుకే 98 సీసీ. 135కు బోరు 58, అది 132 సీసీ. ఆ ఒక్క కొలత కలిసిందని మిగతావేవీ చూడలేదు మా మేస్త్రి. 135 బ్లాకు లోపలి ఇనుప గొట్టం, అదే స్లీవ్, లావు కాబట్టి చాంబర్ (బ్లాకు కూర్చునే ఇంజన్ కింది డబ్బా) మూతి పెద్దది చేయించాడు, కానీ చాంబర్ మొత్తం విప్పకుండానే. లోపల గుడ్డ కుక్కి గీకేశారు. అల్యూమినియం పొట్టు పోయి బేరింగుల్లో పడితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. కార్బరేటర్ పాతదే, అందులో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ కూడా 100దే. ఇంజన్ మూడో వంతు పెరిగింది, దానికి అందే పెట్రోలు మాత్రం పెరగలేదు. మొత్తం ఆరున్నర వేలు తీసుకున్నాడు.

వారం రోజులు పికప్ నిజంగానే అదిరింది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం మా బామ్మర్దిని వెనక కూర్చోబెట్టుకొని శ్రీశైలం పోయాను. పోయేటప్పుడు ఏం కాలేదు, దోమలపెంట దాటాక డ్యాం దాకా దిగుడే కదా. దర్శనం చేసుకొని మధ్యాహ్నం మూడింటికి తిరుగు ప్రయాణం. డ్యాం దాటి ఘాట్ ఎక్కుతున్నాం. రెండో గేరు, ఇద్దరం మనుషులం, రోడ్డు నుంచి సెగ. ఈగలపెంటకు ఇంకా దూరం ఉందనగా ఇంజన్ శబ్దం సన్నబడింది. ఎవరో వెనక నుంచి పట్టుకొని లాగినట్టు బండి బిగిసింది, వెనక చక్రం కీచుమని జారింది. క్లచ్ పట్టాను కాబట్టి పడిపోలేదు. పక్కన లోయ.

చెట్టు కింద అరగంట ఆపాక కిక్కు దిగింది, స్టార్ట్ కూడా అయింది. మేకులు వేసి ఊపిన డబ్బాలా లోపల గలగల. ఆశ చావక ఎక్కించుకుంటూ వచ్చాం. వటవర్లపల్లి ఇంకా రాకముందే మళ్లీ పట్టేసింది, ఈసారి కిక్కు కూడా దిగలేదు. అడవి మధ్యలో ఫోన్ సిగ్నల్ లేదు. ఆ అడవి రోడ్డుకు రాత్రి తొమ్మిదికి మన్ననూరు గేటు వేస్తారు, మళ్లీ తెల్లారి ఆరింటికే. ఖాళీగా పోతున్న ఒక డీసీఎం లారీ ఆయన ఆపి, ముగ్గురం కలిసి బండిని పైకెత్తితే ఎనిమిదిన్నరకు గేటు దాటాం. ఆయన డబ్బులు తీసుకోలేదు.

మర్నాడు అదే మేస్త్రి దగ్గరికి పోలేదు. జడ్చర్లలో పెద్దాయన ఒకాయన లేత్ పని చేస్తాడు, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. బ్లాకు తీసి పిస్టన్ నా చేతిలో పెట్టాడు. సైలెన్సర్ వైపు నిలువుగా గీతలు, గోటితో తడిమితే గరుకుగా తగిలాయి. పిస్టన్ లోహం కరిగి స్లీవ్‌కు వెండి మరకలా అంటుకుంది. ప్లగ్గు మూతి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయితే మంట వేడెక్కుతుంది, పిస్టన్ అల్యూమినియం కాబట్టి ఇనుప స్లీవ్ కంటే ఎక్కువ ఉబ్బుతుంది, మధ్య సందు చాలకపోతే పట్టేస్తుంది అని చెప్పాడు. ఆ సందు తల వెంట్రుక మందం కంటే తక్కువ. దాన్ని మైక్రోమీటర్‌తో కొలవాలి. మా మేస్త్రి వేలు పెట్టి "ఫ్రీగుంది" అని బిగించాడు.

ఇక్కడ నా బాధ చెప్పాలి. బోరు కొలిచినందుకు వంద రూపాయలు అడిగితే ఎందుకివ్వాలని గొడవ పడేవాళ్లే బండి స్టిక్కర్లకు వెయ్యి పెడతారు. అందుకే కొలిచేవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ పెద్దాయన కొడుకు ఈ పని నేర్చుకోలేదు. ఇంకోవైపు డూప్లికేట్ పిస్టన్లకు అసలు కంపెనీ డబ్బా వేసి అమ్ముతున్నారు. డబ్బా చూసి నమ్మకు, పిస్టన్ లేత్ షాపుకు తీసుకెళ్లి కొలిపించాకే బోరు చేయించు.

కొలతలు కలిసినా సామాన్లు కలవకపోవచ్చు. బుల్లెట్ చూడు. పాత కాస్ట్ ఐరన్ 350, తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజన్) 350 రెండూ 70 బోరు, 90 స్ట్రోకు, 346 సీసీ. కానీ పాతదానికి ఇంజన్ వేరు, గేరుబాక్సు వేరు. కొత్తదానికి రెండూ ఒకే చాంబర్లో. దానిది దీనికి పడదు.

నీకు నా సలహా, 135 బ్లాకు వదిలేయ్. 100 బండి క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, 50 బోరు పిస్టన్ బరువుకు లెక్క కట్టి చేసింది. బరువైన పిస్టన్ వేస్తే స్పీడులో చేతులు తిమ్మిరెక్కేలా వణుకుతుంది. పైగా 98 సీసీ అని ఆర్సీలో ఉన్న బండిలో 132 పెడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అది చేయకూడని మార్పే. ఎవరైనా చాంబర్ కూడా మారుద్దామంటే అసలు ఒప్పుకోకు, ఇంజన్ నంబర్ దాని మీదే కొట్టి ఉంటుంది.

ఆర్‌ఎక్స్ 100 1985 నుంచి 1996 దాకా వచ్చింది. ఆ పదకొండేళ్లలో ఏ 100 బండి హెడ్ అయినా, క్లచ్ అయినా, గేర్లయినా చూసి తెచ్చుకో, నేనూ అలాగే తెచ్చుకున్నాను. బ్లాకు మాత్రం నీదే ఉంచు. బోరు ఇంకా పెద్దది చేసే మందం స్లీవ్‌లో మిగిలుంటే పావు మిల్లీ ఓవర్‌సైజు పిస్టన్ వేయించు. మిగలకపోతే కొత్త స్లీవ్ దించి స్టాండర్డ్ పిస్టన్ వేస్తారు. నా బండికి చివరికి అదే చేశాం. చాంబర్ మూతి గీకేశారు కాబట్టి దాన్ని వెల్డింగ్ చేసి మళ్లీ లేత్ మీద సరిచేయడానికే సగం ఖర్చు అయింది. నీకు ఆ ఖర్చు ఉండదు, నీ దగ్గరున్న డబ్బులో పని అవుతుంది.

అయినా సరే, పాత 100 బ్లాకు ఏదైనా కొనాల్సి వస్తే దుకాణంలోనే స్లీవ్ లోపల సైలెన్సర్ రంధ్రం పక్కన గోరు పెట్టి పైకీ కిందికీ లాగి చూడు. గోరు ఎక్కడైనా ఆగితే ఆ బ్లాకు అక్కడే పెట్టేసి రా.