ఆపరేషన్ వద్దన్నారంటే చేయి దాటిపోయినట్టు కాదు

మీ అమ్మగారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 2బి స్టేజ్ అని, ఆపరేషన్ లేదు, కరెంటు (అంటే రేడియేషన్) పెట్టి కీమో ఇస్తామని చెప్పారు, అంటే ఇక లాభం లేదనా అని అడిగారు. కాదండీ. 2019లో మా అమ్మకీ ఇదే 2బి. మా మేనత్త అయితే "ఆపరేషన్‌కి కూడా పనికిరాదన్నారా" అని ఫోన్లోనే ఏడుపు మొదలుపెట్టింది.

2బి అంటే గడ్డ ముఖద్వారం దాటి పక్కనున్న కణజాలంలోకి పాకింది, కానీ కటి గోడ (నడుము కింద లోపలి పక్క గోడ) దాకా పోలేదు. అక్కడ కోసినా మొత్తం రావడం కష్టం, మిగిలినదానికి మళ్ళీ కరెంటు పెట్టాల్సిందే, రెండు బాధలూ పడాలి. అందుకే నేరుగా రేడియేషన్, కీమో కలిపి ఇస్తారు, నయం చేయడానికే ఇస్తారు. ఆపరేషన్ మామూలుగా 4 సెంటీమీటర్ల లోపు, ముఖద్వారంలోనే ఉన్న గడ్డలకి. మా ఊళ్ళో ఒక డాక్టరుగారు బయాప్సీ రిపోర్టు రాకముందే "గర్భసంచి తీసేద్దాం, పీడా పోతుంది" అన్నారు. ఆ మాట విని ఉంటే తర్వాత బ్రాకీథెరపీకి, అంటే లోపల గొట్టం పెట్టి గడ్డ దగ్గర్నుంచే ఇచ్చే రేడియేషన్‌కి, గొట్టం పెడదామన్నా లోపల గర్భసంచి ఉండేది కాదు.

అమ్మకి సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ కరెంటు, ఐదు వారాల్లో 25 సిట్టింగులు. మెషీన్ మీద ఉండేది పది పదిహేను నిమిషాలే, బయట కూర్చునేది మాత్రం మూడు గంటలు! నీళ్ళు తాగి మూత్రం బిగబట్టుకుని వెళ్ళాలి, మూత్రసంచి నిండి ఉంటే పేగులు పక్కకి జరిగి వాటికి తక్కువ తగులుతుందట. వారానికోసారి సిస్ప్లాటిన్ అనే కీమో మందు, అది కిడ్నీల మీద పడుతుంది కాబట్టి ముందు క్రియాటినిన్ టెస్ట్. మూడో వారంలో విరేచనాలు పట్టుకున్నాయి, హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది, రెండు యూనిట్ల రక్తం ఎక్కించి ఆ వారం కీమో ఆపేశారు. పెరుగన్నం, ఓఆర్ఎస్‌తోనే లాక్కొచ్చాం. ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది, తిండికీ గది అద్దెకీ మాత్రం మా చేతి డబ్బే.

ఈ మధ్య కొందరు డాక్టర్లు రేడియేషన్‌కి ముందు ఆరు వారాలు పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ కీమో కూడా ఇస్తున్నారు, మీ అమ్మగారికి అవసరమా అని అడిగి చూడండి.

ఇంకొకటి, ఆడవాళ్ళు నోరు విప్పి చెప్పుకోలేనిది. కరెంటు అయ్యాక యోని మార్గం ముడుచుకుపోవచ్చు, దానికి డైలేటర్ అని, మార్గం మూసుకుపోకుండా లోపల పెట్టుకునే గొట్టంలాంటిది ఒకటి వాడమంటారు. "ఈ వయసులో నాకెందుకే" అంది అమ్మ. కాపురం కోసమే కాదమ్మా, చెకప్‌లో డాక్టర్ లోపల చూడాలన్నా అది కావాలి అని నర్సు విడమర్చి చెప్పాక ఒప్పుకుంది.

అన్నిటికంటే నేను భయపడింది చివర్లో. బయటి కరెంటు, బ్రాకీ అన్నీ కలిపి ఎనిమిది వారాల్లో అయిపోవాలంటారు. బ్రాకీ లేకుండా బయటి కరెంటు ఒక్కటే పెడితే వైద్యం సగమే. మేము చేరిన చోట బ్రాకీ మెషీన్ లేదని ఐదో వారంలో చెప్పారు, ఇంకోచోట డేట్ దొరికేసరికి వారం పోయింది, ఆఖరి సిట్టింగ్ సరిగ్గా 55వ రోజున అయింది. కాబట్టి చేరకముందే అడగండి, బ్రాకీ ఇక్కడే ఇస్తారా, ఏ తేదీకి ఇస్తారు అని, కాగితం మీద రాయించుకోండి.