ఆటగాడు కాకపోతే కోచ్ అవుతాడులే అనుకునే ముందు

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నాము. మా అబ్బాయికి 16 ఏళ్లు. ఇక్కడి క్లబ్బు జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. అమెరికాలో ఒక ప్రైవేటు పాఠశాలలో చేర్పిస్తే అక్కడి నుంచి కళాశాల జట్టులోకి వెళ్ళవచ్చని ఒక ఏజెంటు చెబుతున్నాడు. ఆటగాడిగా స్థిరపడకపోయినా లిథువేనియాకు చెందిన ప్రసిద్ధ కోచ్ యాసికెవిచ్యుస్ లాగా కోచ్ కావచ్చని మా వాడి వాదన. జర్మనీలోనే చదివించడం మేలా, అమెరికా పంపడం మేలా, పోల్చి చెప్పగలరు.

జవాబు: ఇలాంటి ఉత్తరాలలో ఆట పేరు మారుతుంది గాని భయం మారదు. మీరు పోలిక అడిగారు కాని, మీ మనసులో ఉన్నది వేరు: ఈ వయసులోని ఐదారేళ్లు ఆటకు ధారపోసి, చివరికి అదీ అందక చదువూ అందక పిల్లవాడు రెంటికీ చెడిన రేవడి అవుతాడేమో అన్నది. ముందు దానికే జవాబు చెబుతాను. అబిటూర్ (జర్మనీలో విశ్వవిద్యాలయానికి అర్హతనిచ్చే పాఠశాల చివరి పరీక్ష) పూర్తి చేసి, వారానికి నాలుగు సాయంత్రాలు క్లబ్బులో ఆడిన పిల్లవాడికి 19వ ఏట మూసుకుపోయే తలుపులు దాదాపు ఏవీ ఉండవు. నిశ్చింతగా ఉండండి.

మీ వాడు షరూనాస్ యాసికెవిచ్యుస్ కథను చివరి నుంచి చదివినట్టున్నాడు. 2025 మేలో అబుదాబిలో టర్కీ క్లబ్బు ఫెనర్‌బాచెకు యూరప్ క్లబ్బుల అగ్ర పోటీ అయిన యూరోలీగ్‌ను గెలిపించిన కోచ్ అందరికీ కనిపిస్తాడు. లిథువేనియాలోని కౌనస్‌లో పుట్టిన ఆయన కూడా హైస్కూలు వయసులోనే అమెరికా వెళ్ళి, మేరీలాండ్ విశ్వవిద్యాలయం తరఫున నాలుగేళ్లు ఆడి, అమెరికా వృత్తి లీగు ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 1998 డ్రాఫ్టులో ఏ జట్టూ ఎంచుకోకపోవడంతో యూరప్‌కు తిరిగి వచ్చినవారే. విల్నియస్, ల్యుబ్లియానా జట్లలో ఒక్కో సీజన్ ఆడిన తర్వాతే బార్సిలోనా ఆయనను పిలిచింది. ఆటగాడిగా నాలుగు యూరోలీగ్ టైటిళ్లు గెలిచినా ఎన్‌బీఏలో నిలిచింది రెండు సీజన్లే. 2014లో ఆట మానేసి, కౌనస్‌లోని జల్గిరిస్ క్లబ్బులోనే సహాయ కోచ్‌గా కూర్చుని, 2016 జనవరిలో ప్రధాన కోచ్ అయ్యారు. ఆ జట్టును 2018లో యూరోలీగ్ ఫైనల్ ఫోర్‌కు, అంటే చివరి నాలుగు జట్ల పోటీకి, తీసుకువెళ్ళారు. తర్వాత బార్సిలోనాకు 2023లో స్పెయిన్ లీగు గెలిపించి కూడా ఆ వేసవిలోనే ఆ క్లబ్బును వదలవలసి వచ్చింది. ఈ వృత్తిలో గెలుపు కూడా ఉద్యోగానికి హామీ కాదని మీ వాడికి ఎవరైనా చెప్పారా?

నేను తల్లిదండ్రులకు తరచుగా చెప్పేది 2009లో బెర్లిన్‌లో జరిగిన యూరోలీగ్ ఫైనల్ గురించి. ఆ రోజు 73-71తో సీఎస్‌కేఏ మాస్కోను ఓడించిన గ్రీసు క్లబ్బు పనథినైకోస్ బెంచీపై ముగ్గురు మనుషులను చూడండి. ప్రధాన కోచ్ జెల్కో ఒబ్రడోవిచ్, 1991లో 31 ఏళ్ల వయసులో ఆట వదిలి నేరుగా బెల్‌గ్రేడ్ క్లబ్బు పార్టిజాన్‌కు కోచ్ అయి, మరుసటి ఏడాదే యూరప్ టైటిల్ గెలిచారు. అయితే ఆయనకు వెన్నంటి పాఠాలు చెప్పినది యుగోస్లావియా కోచ్‌లకు గురుతుల్యుడైన అలెగ్జాండర్ నికోలిచ్ అన్నది మరువకూడదు. పక్కనే ఉన్న సహాయకుడు డిమిత్రిస్ ఇటూడిస్, ఆటగాడిగా పేరు తెచ్చుకోలేదు. జాగ్రెబ్‌లో చదువుకుని, ఒబ్రడోవిచ్ వద్ద పదమూడేళ్లు సహాయకుడిగా పనిచేసి, అప్పుడు సీఎస్‌కేఏ కోచ్‌గా 2016లోనూ 2019లోనూ యూరోలీగ్ గెలిచారు. మూడవవారు ఆటగాడిగా ఉన్న యాసికెవిచ్యుస్. ముగ్గురి దారులూ వేరు, కాని ముగ్గురూ ఎవరో ఒక పెద్ద కోచ్ దగ్గర పని నేర్చుకున్నవారే.

ఇప్పుడు మీరు నొచ్చుకున్నా ఒక మాట చెప్పాలి. "ఆటగాడు కాకపోతే కోచ్" అన్న మాట పిల్లవాడు అన్నాడంటే వయసు అనుకుంటాను. దానిని మీరు మారు మాట లేకుండా ఉత్తరంలో రాశారంటే, కోచ్ పనిని ఆటలో రాణించనివారికి మిగిలే ఉద్యోగంగా మీరూ నమ్ముతున్నారన్నమాట. మీ వాడు కోచ్ కావాలనుకుంటే ఇటూడిస్ దారి చూడాలి, అది మరింత ఓపిక కోరే దారి. ఇంట్లో ఆ ఓపిక ముందు మీకు ఉందా?

అమెరికా ప్రయాణంపై నా సందేహాలు దాచుకోను. అక్కడి కళాశాల క్రీడాకారులు తమ పేరు మీద సంపాదించుకునే వీలు 2021లోను, విశ్వవిద్యాలయాలే నేరుగా సొమ్ము చెల్లించే వీలు 2025లోను రావడంతో యూరప్ కుర్రవాళ్లు చాలామంది అటు చూస్తున్నారు. అయితే ఆ పిలుపులు వచ్చేది ఇప్పటికే యూరప్ క్లబ్బుల పెద్ద జట్లలో ఆడి మెప్పించినవారికి. క్లబ్బే వెతుక్కుంటూ వచ్చి పిలిచిన ఆటగాడి ఖర్చు క్లబ్బే పెట్టుకుంటుంది. ఆటగాడి తండ్రి ఫీజు కడుతున్నాడంటే ఆ తండ్రి కొనుగోలుదారు మాత్రమే, ఏజెంటు అమ్మకందారు. పైగా విద్యార్థి వీసా మీద వెళ్ళినవారి సంపాదనకు గట్టి పరిమితులున్నాయి. ఆ సంగతి మీ ఏజెంటు చెప్పి ఉంటే ఉత్తరంలో రాసేవారే.

యూరప్‌లోనూ పాస్‌పోర్టు లెక్కకు వస్తుంది. అనేక దేశాల లీగులు విదేశీ ఆటగాళ్ల సంఖ్యకు హద్దు పెడతాయి కనుక, అబ్బాయికి జర్మన్ పౌరసత్వం ఉన్నదో లేదో, లేకపోతే ఎప్పటికి రావచ్చో ముందుగా తేల్చుకోండి. కోచింగ్‌కు ఆ బెడద తక్కువ. జర్మన్ బాస్కెట్‌బాల్ సమాఖ్య సి, బి, ఎ శ్రేణుల్లో లైసెన్సులు ఇస్తుంది. క్లబ్బులో చిన్నపిల్లల జట్టుకు సహాయకుడిగా నిలబడతానని మీ వాడు అడిగితే కాదనే క్లబ్బు ఉండదనే నా అభిప్రాయం. చదువు వైపు నుంచి కూడా కోలోన్ క్రీడా విశ్వవిద్యాలయం వంటి చోట్లు ఉన్నాయి, ఆ ప్రవేశాల వివరాలు మీకు బడిలోనే దొరుకుతాయి.

మీరడిగిన పోలికను ఇంకా పూర్తి చేయలేదని తెలుసు. ఆ పాఠశాల ఫీజు ఎంత, గత మూడేళ్లలో అక్కడి నుంచి ఏ కళాశాల జట్టుకు ఎవరు వెళ్ళారు, పిల్లవాడు గాయపడితే సొమ్ము వెనక్కి వస్తుందా అన్నవి ఏజెంటు చేత రాతపూర్వకంగా తెప్పించండి. ఈ లోగా అబ్బాయిని పదేళ్ల పిల్లల జట్టుతో ఒక సీజన్ పనిచేయనివ్వండి. ఏజెంటు జవాబు వచ్చాక ఆ కాగితాలతో పాటు, ఆ పిల్లలతో ఎలా గడిచిందో మీ వాడి చేతనే రాయించి పంపండి.